బూట్ అయ్యేటప్పుడు కంప్యూటర్ టైమ్ ఎవరిని అడుగుతుంది? ఎందుకు నమ్ముతుంది?

వేసవి సెలవులకు ముందు ఆపేసిన రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డును జూన్‌లో మళ్లీ ఆన్ చేశారనుకోండి. బోర్డు లేస్తుంది, వైఫై దొరుకుతుంది, కానీ చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. వెబ్‌సైట్ అసలుదేనని చూపే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని లాగ్‌లో, అంటే జరిగినవి టైమ్‌తో సహా రాసిపెట్టే చిట్టాలో, కనిపిస్తుంది. నిజానికి సర్టిఫికెట్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని మే నెలలో జారీ చేశారు. బోర్డు మాత్రం ఇంకా ఏప్రిల్‌లోనే ఉంది.

ఈ పరిస్థితిలో చాలామంది చేసే పని సర్టిఫికెట్ తనిఖీని ఆపేయడం. దయచేసి ఆ పని చేయకండి. అలా ఆపేస్తే అవతల ఉన్నది అసలు సర్వరో, మధ్యలో దూరిన మరొకరో తెలుసుకునే దారే పోతుంది. సరిచేయాల్సింది బోర్డులోని టైమ్‌ని.

టైమ్ మీద ఆధారపడేది సర్టిఫికెట్లు ఒక్కటే కాదు. ఆఫీసు నెట్‌వర్కుల్లో లాగిన్ చూసుకునే కెర్బరోస్, రెండు యంత్రాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే మామూలుగా లోపలికి రానివ్వదు. లాగిన్ కోసం ఫోన్ యాప్‌లో కనిపించే ఆరంకెల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది. సర్వర్ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే సరైన కోడ్ కొట్టినా తప్పే అంటుంది. ఇక ఏదైనా దాడి జరిగాక నాలుగు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు, వాటి టైమ్‌లు కలవకపోతే ఏది ముందో ఏది వెనకో అంతుపట్టదు.

కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ టైమ్‌ని సరిగ్గా ఉంచడానికి మంచి పద్ధతులు ఎప్పుడో వచ్చేశాయి. చిక్కంతా లేచిన మొదటి నిమిషంలోనే ఉంది. గడియారాన్ని గంటలకు గంటలు, అవసరమైతే ఏళ్లకు ఏళ్లు దూకించడానికి యంత్రానికి అనుమతి ఉండేది అప్పుడే. తనకు చెప్పిన టైమ్ నిజమో కాదో పోల్చి చూసుకునే ఆధారాలు దాని దగ్గర అతి తక్కువగా ఉండేది కూడా అప్పుడే. ఈ రెండూ ఒకే నిమిషంలో పడటాన్ని మనం ఇంకా తేలిగ్గా తీసుకుంటున్నామని నా అభిప్రాయం.

ఆపేసినప్పుడు టైమ్ ఎక్కడుంటుంది

మామూలు పీసీలో మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా ఆర్‌టీసీ అనే చిన్న గడియారాన్ని అది నడిపిస్తుంది. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో ఈ పనికి మోటరోలా ఎంసీ146818 చిప్ వాడారు. ఇప్పటి పీసీలు కూడా సాఫ్ట్‌వేర్‌కు అదే చిప్ ఉన్నట్టు కనిపిస్తాయి. లోపల సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు ఒక టిక్ వస్తుంది. అందుకే ఆ విచిత్రమైన అంకెను ఎంచుకున్నారు.

ఈ స్ఫటికాలు చవక. పది లక్షలకు ఇరవై భాగాల తప్పు వాటికి మామూలే. అంటే రోజుకు దాదాపు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు. పైగా వీటిని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అంతకన్నా చల్లబడినా, వేడెక్కినా నెమ్మదిస్తాయి. ఏసీ లేని గదిలో మే నెల ఎండకు క్యాబినెట్ 45 డిగ్రీలకు చేరితే, ఒక్క వేడి వల్లే రోజుకు సెకను పైగా వెనకబడటం ఖాయం. ఆరేడేళ్లు గడిచి బ్యాటరీ నీరసించిన పీసీ సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేస్తే ఏ తేదీ చూపిస్తుందో దానికే తెలియదు.

లినక్స్ కెర్నల్, అంటే ఆ సిస్టమ్ మూలభాగం, బూట్ అయ్యేటప్పుడు ఆర్‌టీసీని ఒకసారి చదివి తన సొంత గడియారాన్ని దానితో మొదలుపెడుతుంది. ఆర్‌టీసీ పూర్ణ సెకన్లే చెబుతుంది. ఆ సెకనులో ఎంత గడిచిందో తెలియదు కాబట్టి కెర్నల్ అర సెకను కలుపుకుంటుంది. సగటున తప్పు తగ్గుతుందన్నది లెక్క. ఆ తర్వాత ప్రాసెసర్‌లోని లెక్కింపు యంత్రాంగంతో తనంతట తాను నడుస్తుంది, యంత్రం నిద్రలోకి వెళ్లి లేస్తే తప్ప ఆర్‌టీసీ వైపు మళ్లీ చూడదు. అంటే నెట్‌వర్క్ ప్రసక్తి రాకముందే టైమ్ కనీసం అర సెకను అటూ ఇటూ, మామూలుగా కొన్ని సెకన్లు అటూ ఇటూ ఉంటుంది.

ఒకే పీసీలో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్న మనవాళ్లు ఒక వింత తప్పకుండా చూసి ఉంటారు. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళితే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కు ఉంటుంది. ఆర్‌టీసీలో ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీ టైమ్ ఉందని లినక్స్ అనుకుంటుంది, స్థానిక టైమ్ ఉందని విండోస్ అనుకుంటుంది. భారత కాలమానం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు కాబట్టి తేడా కచ్చితంగా అంతే వస్తుంది. తప్పు సరిగ్గా 5:30 ఉంటే బ్యాటరీని అనుమానించకండి, నెట్‌వర్క్‌నూ అనుమానించకండి. రెండు సిస్టమ్‌లూ యూటీసీనే వాడేలా సెట్టింగ్ మార్చుకుంటే సరిపోతుంది.

రాస్‌బెర్రీ పై లాంటి బోర్డుల్లో నాలుగో తరం దాకా ఆర్‌టీసీయే లేదు. 2023లో వచ్చిన ఐదో తరంలో ఉంది గానీ బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. ఆర్‌టీసీ లేని యంత్రం సున్నా నుంచి లెక్క మొదలుపెడితే అది యూనిక్స్ కాలగణన ఆరంభం, 1970 జనవరి 1 అవుతుంది. మన కాలమానంలో ఆ రోజు తెల్లవారి ఐదున్నర. లాగ్‌లో ఆ తేదీ, ఆ టైమ్ కనిపిస్తే యంత్రానికి ఏ టైమూ తెలియకుండానే లేచిందన్నమాట. ఈ దురవస్థ తప్పించడానికి ఒక ఉపాయం ఉంది. నడుస్తున్నప్పుడు అప్పుడప్పుడూ, ఆగేటప్పుడు ఒకసారి టైమ్‌ని ఫైల్‌లో దాచుకుని, లేచాక దాంతో మొదలుపెట్టడం. పై బోర్డుల్లో చాలాకాలం ఫేక్ హెచ్‌డబ్ల్యూ క్లాక్ అనే చిన్న ప్రోగ్రామ్ చేసింది ఇదే. లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీతో వచ్చే టైమ్‌సింక్‌డీ అనే ప్రోగ్రామ్ కూడా ఇదే చేస్తుంది. దీనివల్ల టైమ్ సరిపోదు, కానీ కనీసం వెనక్కు పోదు. జూన్‌లో లేచిన మన బోర్డు ఏప్రిల్‌లో ఉండటానికి కారణం ఇదే. 1970లో ఉండటం కన్నా ఏప్రిల్‌లో ఉండటం ఎన్నో రెట్లు మేలు. ఎందుకన్నది చివర్లో చూద్దాం.

నాలుగు టైమ్‌లతో ఒక లెక్క

నెట్‌వర్క్ మీద టైమ్ అడగడానికి ప్రపంచమంతా వాడేది ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా పనిచేసిన డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించారు. మొదటి నిర్దేశ పత్రం 1985లో వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో వెర్షన్ 2010లో ప్రమాణమైంది. మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశారు. ఇంటర్నెట్‌లో ఇన్నేళ్లుగా పెద్దగా మారకుండా నడుస్తున్న పనుల్లో ఆయనది ఒకటి.

ఎవరినైనా టైమ్ అడిగితే జవాబు మన దగ్గరికి వచ్చేసరికి అది పాతబడిపోతుంది. ఎంత పాతబడిందో తెలియాలి. దీనికి ఎన్‌టీపీ నాలుగు టైమ్‌లు నమోదు చేస్తుంది: మనం ప్రశ్న పంపింది, అది సర్వర్‌కు చేరింది, సర్వర్ జవాబు పంపింది, అది మనకు చేరింది. మొదటిది, చివరిది మన గడియారం ప్రకారం. మధ్యవి రెండూ సర్వర్ గడియారం ప్రకారం.

అంకెలతో చూద్దాం. మన గడియారం సున్నా దగ్గర ఉండగా ప్రశ్న పంపాం. సర్వర్ దాన్ని తన గడియారంలో 2,060 మిల్లీసెకన్ల దగ్గర అందుకుని, 2,061 దగ్గర జవాబు పంపింది. మన గడియారంలో 101 దగ్గర అది చేరింది. మన వైపు మొత్తం 101 మిల్లీసెకన్లు గడిచాయి, అందులో ఒకటి సర్వర్ దగ్గరే పోయింది, కాబట్టి దారిలో పోయింది 100. వెళ్లడానికి 50, రావడానికి 50 అనుకుంటే, మన గడియారం సర్వర్ కన్నా 2,010 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది.

లెక్కలో ఉన్న బలహీనత అంతా ఆ 'అనుకుంటే' అన్న చోటే ఉంది. వెళ్లడానికి 80, రావడానికి 20 పట్టి ఉంటే మన జవాబులో 30 మిల్లీసెకన్ల తప్పు దూరుతుంది, అది ఏ విధంగానూ బయటపడదు. ఇంట్లో ఎవరో పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుంటే సరిగ్గా ఇదే జరుగుతుంది: వెళ్లే దారి నిండిపోతుంది, వచ్చే దారి ఖాళీగా ఉంటుంది. అయితే ఎంత దురదృష్టంలోనైనా తప్పు మొత్తం ప్రయాణ సమయంలో సగాన్ని దాటదు. ఇక్కడ అది 50. అందుకే దగ్గర్లోని సర్వర్‌ను అడగడం మేలు, ఒక్క ప్యాకెట్‌తో, అంటే ఒక్క ప్రశ్నతో, సరిపెట్టుకోకుండా రెండేసి సెకన్ల తేడాతో కొన్ని పంపి, అన్నింటికన్నా త్వరగా తిరిగొచ్చినదాన్ని ఎక్కువగా నమ్మడం మేలు. సెట్టింగుల ఫైల్‌లో ఐబరస్ట్ అన్న మాట ఉంటే అర్థం అదే. అది లేకపోతే ఎన్‌టీపీ తన మామూలు నెమ్మది చొప్పున, నిమిషానికో ప్యాకెట్ పంపుకుంటూ కూర్చుంటుంది. ఉంటే పది సెకన్లలోపే ఒక నమ్మదగిన అంచనా చేతికొస్తుంది.

దూకించాలా, మెల్లగా సర్దాలా

తేడా రెండు సెకన్లని తెలిసింది. ఇప్పుడు గడియారాన్ని ఏం చేయాలి?

ఒక్కసారిగా కొత్త టైమ్ పెట్టేయడం ఒక పద్ధతి. దీన్ని స్టెప్ అంటారు. గడియారం కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిచేలా చేసి తేడాని కరిగించడం రెండో పద్ధతి, దాని పేరు స్లూ. నడుస్తున్న సర్వర్‌లో మొదటిది ప్రమాదం. ముందుకు దూకిస్తే మధ్యలో షెడ్యూల్ చేసిన పనులు తప్పిపోవచ్చు. వెనక్కు దూకిస్తే ఇంకా కష్టం: ఒకే టైమ్ రెండుసార్లు వస్తుంది, ముందు రాసిన రికార్డు తర్వాతిదిగా కనిపిస్తుంది, పని సున్నా కన్నా తక్కువ సమయంలో పూర్తయిందని లెక్కలు తేలతాయి. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ పాత వెర్షన్లు టైమ్ వెనక్కు వెళ్లిందని కనిపెడితే మెయిల్ పాడయ్యే కన్నా ఆగిపోవడమే నయమని తమంతట తామే ఆగిపోయేవి. నాకు అది అతిగా అనిపించదు. మెయిల్‌పెట్టె చెడిపోతే మళ్లీ రాదు.

స్లూలో ఈ భయాలేవీ లేవు, కానీ ఓపిక కావాలి. ఎన్‌టీపీ పని చేసిపెట్టే పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీలో దీని గరిష్ఠ వేగం పది లక్షలకు 500 భాగాలు. ఒక సెకను తేడా పోవాలంటే 2,000 సెకన్లు, అంటే అరగంట పైన. ఒక గంట తేడాని ఇలా సర్దుతూ పోతే 83 రోజులు పడుతుంది. మన జూన్ బోర్డుకు ఈ దారి పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు.

అందుకే రాజీ ఇలా కుదిరింది. ఎన్‌టీపీడీ తేడా 128 మిల్లీసెకన్ల లోపుంటే మెల్లగా సర్దుతుంది, దాటితే కాస్త ఆగి చూసి దూకిస్తుంది. తేడా 1,000 సెకన్లు దాటితే మాత్రం ఏదో పెద్ద పొరపాటు జరిగిందని, దాన్ని మనిషే చూడాలని ఆగిపోతుంది. కొత్తగా లేచిన యంత్రంలో వెయ్యి సెకన్ల తేడా మామూలే కాబట్టి, మొదలుపెట్టేటప్పుడు జీ అనే ఆప్షన్ ఇస్తారు. మొదటిసారికి ఎంత తేడా అయినా ఒప్పుకొమ్మని దాని అర్థం. చాలా లినక్స్ సర్వర్లలో ఎన్‌టీపీడీ స్థానాన్ని ఇప్పుడు క్రోనీ అనే ప్రోగ్రామ్ తీసుకుంది. రెడ్ హ్యాట్ లినక్స్ ఎనిమిదో వెర్షన్ నుంచి పాత ఎన్‌టీపీ ప్యాకేజీ ఇవ్వడమే మానేశారు. క్రోనీలో ఇదే సంగతిని ఇంకా స్పష్టంగా రాయొచ్చు: మేక్‌స్టెప్ 1.0 3 అన్న పంక్తికి, మొదటి మూడు సవరణల్లో మాత్రమే, తేడా ఒక సెకను దాటితేనే దూకించు అని అర్థం. నాలుగో సవరణ నుంచి ఎంత తేడా ఉన్నా మెల్లగానే. బూట్ అయ్యే సమయానికీ ఆ తర్వాతి సమయానికీ మధ్య గీత ఇంత చక్కగా గీసిన సెట్టింగ్ నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంటర్నెట్‌లో దొరికే పాత సూచనల్లో ఇంకా ఎన్‌టీపీడేట్ కనిపిస్తుంది. బూట్‌లో ఒకసారి టైమ్ పెట్టేసి వెళ్లిపోయే ప్రోగ్రామ్ అది. ఒకప్పుడు దాన్ని ముందు నడిపి, తర్వాత ఎన్‌టీపీడీని మొదలుపెట్టేవారు, దాని కాలానికి అది సబబే. కానీ దాన్ని గంటకోసారి నడిపేలా, పనులను షెడ్యూల్ ప్రకారం నడిపే క్రాన్‌లో పెట్టడం తప్పు. నడుస్తున్న యంత్రానికి గంటకోసారి చిన్న కుదుపు ఇవ్వడమే అవుతుంది, గడియారం ఎంత వేగంతో తప్పుతోందో మాత్రం ఎవరూ నేర్చుకోరు. క్రోనీ, ఎన్‌టీపీడీ ఆ తప్పు వేగాన్ని కొలిచి ఫైల్‌లో దాచుకుంటాయి, మళ్లీ లేచినప్పుడు ఆ అంకెతోనే మొదలవుతాయి. ఆర్‌టీసీ రోజుకు ఎంత తప్పుతుందో కూడా క్రోనీ విడిగా లెక్కగట్టుకోగలదు. అలా అమర్చుకుంటే పది రోజులు ఆగి ఉన్న యంత్రం లేవగానే ఆ పది రోజుల తప్పును తీసేసిన టైమ్‌తో, నెట్ రాకముందే మొదలవుతుంది. ఇంత మంచి సదుపాయాన్ని వాడేవాళ్లు తక్కువ.

ఎవరి తర్వాత ఎవరు

టైమ్ సరైనది కావడం ఒక్కటే చాలదు, మిగతా ప్రోగ్రాములు మొదలయ్యేలోపే సరైనది కావాలి. డేటాబేస్ ముందు లేచి, పది సెకన్ల తర్వాత టైమ్ రెండు నెలలు ముందుకు దూకితే జాగ్రత్తలన్నీ వృథా.

సిస్టమ్‌డీలో దీనికోసం టైమ్ సింక్ టార్గెట్ అని ఒక మజిలీ ఉంది. సరైన టైమ్ కావాల్సిన సర్వీసులు దాని తర్వాతే మొదలవ్వాలని రాసుకోవచ్చు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. టైమ్‌సింక్‌డీ ప్రోగ్రామ్ మొదలైతే సరి, టైమ్ సరైనట్టే అనుకుంటారు. మొదలవడం వేరు, సర్వర్ నుంచి జవాబు వచ్చి గడియారం మారడం వేరు. ఆ జవాబు వచ్చేదాకా ఆగేందుకు టైమ్ వెయిట్ సింక్ అనే మరో సర్వీస్ ఉంది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. క్రోనీకి కూడా అలాంటిదే క్రోనీ వెయిట్ ఉంది.

అన్ని యంత్రాల్లోనూ ఇలా ఆపిపెట్టాలా? అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో వైఫై చాలాసార్లు లాగిన్ అయ్యాకే వస్తుంది. టైమ్ కోసం బూట్‌ను ఆపితే లాగిన్ కోసం బూట్, బూట్ కోసం లాగిన్ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. సర్వర్‌లో కూడా ఎదురుచూపుకు గడువు పెట్టాలి. ఇంటర్నెట్ లైన్ తెగిన రోజున ఆఫీసులోని ఫైల్ సర్వర్ కూడా లేవకపోతే ఒక ఇబ్బంది రెండవుతుంది. నేనైతే డేటాబేస్‌లు, లాగిన్ సర్వర్లు, రికార్డులకు టైమ్ ముద్ర వేసే యంత్రాల్లో మాత్రమే రెండు మూడు నిమిషాల గడువుతో ఆపిపెడతాను.

ఇంకో ముడి ఉంది. ఎన్‌టీపీ సర్వర్ పేరు నుంచి చిరునామా తెలియాలంటే డీఎన్ఎస్ కావాలి. డీఎన్ఎస్ జవాబుల్లోని డిజిటల్ సంతకాలను తనిఖీ చేసే ఏర్పాటు ఉంటే, ఆ సంతకాలకు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. టైమ్ తప్పుంటే సంతకం చెల్లదు, సంతకం చెల్లకపోతే పేరు దొరకదు, పేరు దొరకకపోతే టైమ్ రాదు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. ఆఫీసులోనే ఒక టైమ్ సర్వర్ పెట్టుకుని దాని ఐపీ చిరునామాను, యంత్రాలకు ఐపీలు ఇచ్చే డీహెచ్‌సీపీ ద్వారా పంచడం తేలికైన దారి. డీహెచ్‌సీపీలో 42వ ఆప్షన్ ఉన్నది అందుకే. యంత్రం తనకు ఐపీ తెచ్చుకునే క్షణంలోనే ఎవరిని టైమ్ అడగాలో కూడా తెలుసుకుంటుంది.

చెప్పిందల్లా నమ్మితే

2012 నవంబర్ 19న అమెరికా నౌకాదళ వేధశాల నడిపే రెండు ప్రసిద్ధ ఎన్‌టీపీ సర్వర్లు, టిక్, టాక్, కొద్దిసేపు 2000 సంవత్సరం అని జవాబిచ్చాయి. పన్నెండేళ్లు వెనక్కు. దేశానికే టైమ్ చెప్పే సంస్థ అది. వాటి మాట విన్న విండోస్ నెట్‌వర్కులు కొన్ని నిజంగానే 2000లోకి వెళ్లిపోయి, లాగిన్‌లు ఆగిపోయాయి. వెయ్యి సెకన్ల హద్దు ఉన్న యంత్రాలు నమ్మలేదు. అదే సమయంలో బూట్ అవుతూ, ఎంత తేడా అయినా ఒప్పుకునే స్థితిలో ఉన్న యంత్రానికి ఆ కాపు ఉండదు.

దుర్బుద్ధితో చేసేవాళ్లకు ఈ సంగతి తెలియకుండా పోలేదు. మామూలు ఎన్‌టీపీ ప్యాకెట్‌లో సంతకం లేదు, దారి మధ్యలో ఉన్నవాళ్లు ఏ టైమైనా రాసి పంపొచ్చు. 2015లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎన్‌టీపీ మీద దాడులను వివరంగా చూపించారు. బాధిత యంత్రంలో ఎన్‌టీపీడీ మళ్లీ మొదలయ్యే క్షణం కోసం కాచుకుని ఉండటం అందులో ఒకటి. టైమ్‌ని వెనక్కు నెడితే గడువు తీరిన, రద్దయిన సర్టిఫికెట్లు మళ్లీ బతుకుతాయి. గడియారం మీద దాడి చేసేవాళ్ల అసలు గురి చాలాసార్లు సర్టిఫికెట్లే.

మొదటి రక్షణ ఎక్కువమందిని అడగడం. ఇద్దరిని అడిగితే, ఇద్దరూ వేర్వేరు చెబితే ఎవరిది తప్పో తేల్చలేం. ముగ్గురైతే మెజారిటీ తెలుస్తుంది. నలుగురైతే ఒకరు అందుబాటులో లేకపోయినా ముగ్గురు మిగులుతారు. కాబట్టి నాలుగు, అవీ వేర్వేరు సంస్థలవి. టిక్, టాక్ రెండిటినీ పెట్టుకుని ఇద్దరిని అడిగామనుకున్నవాళ్లు నిజానికి ఒకరినే అడిగారు. ఇక్కడే టైమ్‌సింక్‌డీ లోటు తెలుస్తుంది. జాబితాలో ఎన్ని పేర్లున్నా అది ఒకసారికి ఒకరినే అడుగుతుంది, పోల్చి చూడదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌కు అది చాలు, సర్వర్‌కు చాలదు.

రెండో రక్షణ సంతకంతో వచ్చే టైమ్. 2020లో ప్రమాణమైన ఎన్‌టీఎస్ ఈ పని చేస్తుంది, క్రోనీలో ఉంది. కానీ ఎన్‌టీఎస్ మొదట సర్వర్ సర్టిఫికెట్ చూస్తుంది, సర్టిఫికెట్ చూడటానికి టైమ్ కావాలి. మళ్లీ అదే ముడి. మొదటి సవరణ దాకా తేదీలు చూడకుండా, సంతకం మాత్రమే చూడమని చెప్పే ఏర్పాటు క్రోనీలో ఉంది. దాంతో ముడి వీడుతుంది, కానీ ఎప్పుడో గడువు తీరి దొంగల చేతిలో పడ్డ సర్టిఫికెట్‌ను కూడా ఆ ఒక్కసారికి నమ్మే అవకాశం ఉంటుంది. నా మట్టుకు, ఆర్‌టీసీకి మంచి బ్యాటరీ ఉన్న యంత్రంలో ఆ మినహాయింపు ఇవ్వను. ఆర్‌టీసీ చెప్పే టైమ్ నిమిషం అటూ ఇటూ ఉన్నా సర్టిఫికెట్ తనిఖీకి ధారాళంగా సరిపోతుంది. రెండువందల రూపాయల లోపు దొరికే బ్యాటరీ చేసే రక్షణను ఏ ప్రోటోకాలూ పూర్తిగా భర్తీ చేయలేదు.

మన దేశంలో ఎవరిని అడగాలన్నదానికి చట్టపరమైన జవాబు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ (జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో, లేదంటే వాటి నుంచి టైమ్ తీసుకునే సర్వర్లతో కలుపుకోవాలి. భారత ప్రామాణిక కాలాన్ని అణు గడియారాలతో నిలబెట్టేది ఢిల్లీలోని ఈ ఎన్‌పీఎల్, అంటే జాతీయ భౌతిక ప్రయోగశాల. పలు దేశాల్లో యంత్రాలున్నవాళ్లు వేరే ప్రామాణిక వనరులు వాడొచ్చు, వీటికి తేడా రాకుండా చూసుకుంటే చాలు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సర్వర్లు నడిపే చిన్న కంపెనీలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆఫీసులో రెండు మూడు యంత్రాలు మాత్రమే బయటికి వెళ్లి ఆ సర్వర్లను అడగాలి, మిగతావన్నీ ఆ యంత్రాలనే అడగాలి. ఇది ఆదేశం కోసమే కాదు, మర్యాద కూడా. 2003లో నెట్‌గేర్ రూటర్లలో విస్కాన్సిన్ యూనివర్సిటీ టైమ్ సర్వర్ చిరునామాను నేరుగా రాసేశారు. పైగా జవాబు రాకపోతే ఆ రూటర్లు సెకనుకోసారి అడిగేవి. లక్షల రూటర్లు కలిసి ఆ యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ప్యాకెట్ల వరద పారించాయి. ఊరంతా కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చినప్పుడు వేల పరికరాలు ఒకే సెకనులో లేచి టైమ్ అడగడం కూడా అదే కోవలోది. పరికరాలు తయారుచేసేవాళ్లు మొదటి ప్రశ్నకు ముందు కొన్ని సెకన్ల యాదృచ్ఛిక ఆలస్యం పెట్టడం తప్పనిసరి అనుకోవాలి.

బూట్ కాని బూట్ కూడా ఒకటుంది. వర్చువల్ మెషీన్‌ను, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌ను, ఆపి, మూడు గంటల తర్వాత అదే స్థితి నుంచి కొనసాగిస్తే, దాని దృష్టిలో ఏమీ జరగలేదు. క్రోనీ మొదటి మూడు సవరణలు ఎప్పుడో అయిపోయాయి, కాబట్టి మూడు గంటల తేడాని మెల్లగా సర్దడం మొదలుపెడుతుంది. ఇలాంటి యంత్రాల్లో వాటిని నడిపే అసలు కంప్యూటర్ (హోస్ట్) గడియారాన్ని నేరుగా చదివే ఏర్పాటు చేయాలి, లేదా కొనసాగించగానే ఒకసారి దూకించమని క్రోనీకి చెప్పాలి.

ఇక ఫైల్‌లో దాచిన పాత టైమ్ సంగతి. ఎన్‌టీపీ ప్యాకెట్‌లో సెకన్లకు 32 బిట్లే చోటుంది, లెక్క 1900 జనవరి 1 నుంచి మొదలు. 2036 ఫిబ్రవరి 7న అది నిండి మళ్లీ సున్నా అవుతుంది. ప్యాకెట్‌లోని అంకె ఏ చుట్టుకు చెందినదో ప్యాకెట్ చెప్పదు. అడిగే యంత్రం తన గడియారానికి 68 ఏళ్ల లోపు దూరంలో ఉన్నదాన్ని సరైనదిగా తీసుకుంటుంది. అంటే ఎన్‌టీపీ పనిచేయాలంటే యంత్రానికి ముందే టైమ్ గురించి ఏదో ఒక ఉజ్జాయింపు తెలిసి ఉండాలి. 1970తో లేచే పరికరానికి ఈ ఉజ్జాయింపు 2038 జనవరి 19 దాకా పనికొస్తుంది. ఆ రోజు దాటాక అదే పరికరం సరైన సర్వర్‌ను అడిగి, సరైన జవాబు అందుకుని, గడియారాన్ని 1902 దగ్గర పెట్టుకునే ప్రమాదం ఉంది. ఇవాళ గోడలకు బిగిస్తున్న మీటర్లు, కెమెరాలు, హాజరు యంత్రాల్లో చాలా వరకు అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంటాయి. దీనికి మందు ఒక్క పంక్తి కోడ్: సాఫ్ట్‌వేర్ తయారైన తేదీకన్నా వెనకటి టైమ్ ఏది కనిపించినా ఆ తేదీకే జరపడం. సిస్టమ్‌డీ లేవగానే చేసే మొదటి పనుల్లో ఇదొకటి. సొంతంగా పరికరాల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నెట్‌వర్క్‌ను ముట్టుకోకముందే ఆ పంక్తి నడిచేలా చూసుకోవాలి.